మేస్త్రీ, మాస్టారు, మాస్ట్రో: ఒక లాటిన్ మాట నడిచిన దారిని మీరే వెతికి పట్టుకోవడం ఎలా

ఇల్లు కట్టే తాపీ మేస్త్రీ, బడిలో హెడ్‌మాస్టారు, కోర్టులో మేజిస్ట్రేటు, సంగీతంలో మాస్ట్రో, పేరుకు ముందు తగిలించే మిస్టర్. ఈ ఐదింటికీ మూలం ఒక్కటే. లాటిన్‌లో ‘మగిస్తెర్’. పైన ఉండి నడిపించేవాడు, నేర్పేవాడు అని అర్థం. రెండు వేల ఏళ్ల కిందట రోమ్ వీధుల్లో వినిపించిన ఆ మాట ఐరోపాలో దాదాపు ప్రతి భాషలోకీ పాకి, అక్కణ్నుంచి సముద్రం దాటి మన దాకా వచ్చింది.

ఇలాంటి మాట దారిని ఇంట్లో కూర్చుని మీరే వెతకొచ్చు. లాటిన్ చదువుకుని ఉండక్కర్లేదు. ఇంటర్నెట్, ఒక పెద్ద చార్టు కాగితం, మూడు రంగుల పెన్సిళ్లు, నాలుగైదు సాయంత్రాల ఓపిక ఉంటే చాలు. మగిస్తెర్‌నే ఉదాహరణగా పెట్టుకుని ఆ పద్ధతంతా ఇక్కడ చెబుతాను. దీన్ని చూసి మీకు నచ్చిన మరో మాటతో చేయండి.

మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. ఒక మాట ఒక భాషలోకి ఒక్కసారే రాదు. చాలామంది ‘ఇది లాటిన్ నుంచి వచ్చింది’ అని తేల్చేసి ఊరుకుంటారు. నా దృష్టిలో అది సగం జవాబు కూడా కాదు. ఎన్నిసార్లు వచ్చింది, ఎప్పుడెప్పుడు వచ్చింది, ప్రతిసారీ ఎవరు తెచ్చారు అన్నదే అసలు ప్రశ్న. మీరు గీయబోయే పటంలో లెక్క పెట్టాల్సింది మాటల్ని కాదు, అవి లోపలికి వచ్చిన గుమ్మాల్ని.

1. మాటను ఎంచుకోండి

పని, ఇల్లు, ఒళ్లు, తిండి, వీటికి సంబంధించిన మాట తీసుకోండి. రోజూ నోళ్లలో నలిగిన మాటే రూపం మార్చుకుంటుంది, ఆ మార్పులే మనకు ఆధారాలు. పండితులు పుస్తకాల్లోంచి తీసి వాడుకున్న భావవాచకాలను మొదట్లో వదిలేయండి. అవి అన్ని భాషల్లోనూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి, వెతకడానికి ఏమీ మిగలదు.

2. లాటిన్ మాటకు సరైన రూపం పట్టుకోండి

కొత్తవాళ్లు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే. లాటిన్ నిఘంటువు ప్రథమా విభక్తి రూపం చూపిస్తుంది. కానీ ఇటాలియన్, స్పానిష్, ఫ్రెంచ్ లాంటి భాషల్లోని నామవాచకాలు చాలావరకు ద్వితీయా విభక్తి రూపం నుంచి వచ్చాయి. మనకు ‘ఇల్లు’ అనేది ‘ఇంటిని’, ‘ఇంటికి’ అయ్యేటప్పుడు లోపలి ముక్క మారిపోయినట్టే, లాటిన్‌లోనూ విభక్తి చేరితే మాట లోపలి ముక్క మారుతుంది. రాత్రికి లాటిన్‌లో ప్రథమ ‘నోక్స్’, ద్వితీయ ‘నోక్తెమ్’. ఇటాలియన్ ‘నొత్తె’, స్పానిష్ ‘నోచె’ ఎక్కణ్నుంచి వచ్చాయో నోక్స్ చూస్తే అర్థం కాదు, నోక్తెమ్ చూస్తే వెంటనే తెలుస్తుంది.

అలాగే మగిస్తెర్‌కి ద్వితీయ ‘మగిస్త్రుమ్’. చివరి ‘తెర్’లోని ఎకారం పోయి, త, ర కలిసిపోయి ‘స్త్ర’ అయింది. ఈ ‘స్త్ర’ను గుర్తుపెట్టుకోండి, మన మేస్త్రీ దగ్గరికి వచ్చేసరికి ఇదే మనల్ని కాపాడుతుంది. లాటిన్ నిఘంటువులో మాట పక్కన రెండో రూపం, అంటే షష్ఠీ విభక్తి, ఇచ్చి ఉంటుంది. ఇక్కడ అది ‘మగిస్త్రీ’. దాన్ని చూస్తే ద్వితీయ ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. ఈ ద్వితీయా రూపాన్ని చార్టు మధ్యలో పెద్ద అక్షరాలతో రాయండి.

3. ఇప్పటి రూపాలన్నీ పోగు చేయండి

ఉచిత ఆన్‌లైన్ నిఘంటువైన విక్షనరీలో లాటిన్ మాట పేజీ తెరవండి. కింద ఆ మాట సంతతి అంతా ఒక జాబితాగా ఉంటుంది. ఆ జాబితాలో లోపలికి జరిపి రాసిన మాట దాని పైనున్న మాట నుంచి వచ్చిందని అర్థం. ముందు బాణం గుర్తు ఉంటే ఎరువు తెచ్చుకున్నదని, లేకపోతే తల్లి నుంచి బిడ్డకు వచ్చినట్టు నేరుగా వచ్చిందని గుర్తు. మొదటి చిత్తుప్రతికి ఇది చాలు.

అయితే అక్కడితో ఆగొద్దు. ప్రతి రూపాన్నీ ఆ దేశపు నిఘంటువులో ఒకసారి సరిచూడండి. స్పానిష్‌కి రాయల్ స్పానిష్ అకాడమీ నిఘంటువు ఆన్‌లైన్‌లో ఉచితం, మాట పక్కనే మూలం చెబుతుంది. ఫ్రెంచ్‌కి సీఎన్‌ఆర్‌టీఎల్ సైట్‌లో వ్యుత్పత్తికి ప్రత్యేకంగా ఒక పేజీ ఉంటుంది, ఏ శతాబ్దపు రాతలో మొదట కనిపించిందో సహా. జర్మన్‌కి డీడబ్ల్యూడీఎస్, ఇటాలియన్‌కి త్రెకాని, రొమేనియన్‌కి డెక్స్‌ఆన్‌లైన్. భాష రాకపోయినా ఫర్వాలేదు, బ్రౌజర్‌లో అనువాదం పెట్టుకుంటే వ్యుత్పత్తి భాగం వరకు బాగానే అర్థమవుతుంది.

మగిస్త్రుమ్‌కి నా చార్టు మీద చేరిన ముఖ్యమైన రూపాలివి. ఇటాలియన్, స్పానిష్‌లలో మాఎస్త్రో, కాటలాన్, పోర్చుగీసులలో మెస్త్రె, ఫ్రెంచ్‌లో మెత్ర్, జర్మన్‌లో మైస్టర్, డచ్‌లో మేస్తర్, ఇంగ్లీషులో మాస్టర్, ఫిన్నిష్‌లో మెస్తరి, లాట్వియన్‌లో మైస్తర్స్, హంగేరియన్‌లో మెష్టెర్, చెక్‌లో మిస్తర్, గ్రీకులో మాస్తొరస్. రొమేనియన్‌లో ఒకటి కాదు, ఐదు. దాని సంగతి తర్వాత చెబుతాను.

4. నోటి మాటనీ పుస్తకం మాటనీ వేరు చేయండి

మొత్తం పనిలో కీలకం ఇదే, తొందరపడకండి.

రోమన్ సామ్రాజ్యం చెదిరిపోయాక లాటిన్ రెండుగా బతికింది. ఒకటి జనం నోళ్లలో మారుతూ ఇటాలియన్, స్పానిష్, ఫ్రెంచ్‌లుగా అయిపోయింది. రెండోది చర్చిలో, కోర్టులో, చదువుల్లో రాత భాషగా నిలిచిపోయింది. క్రీ.శ. 813లో తూర్ పట్టణంలో సమావేశమైన మతాధికారులు, జనానికి అర్థమయ్యేలా ప్రసంగాలను పల్లె రోమన్ భాషలో గానీ జర్మన్‌లో గానీ చెప్పమని నిర్ణయించారు. అంటే అప్పటికే గుడిలో వినే లాటిన్ జనానికి అర్థం కావడం లేదన్నమాట. 842లో ఇద్దరు అన్నదమ్ములైన రాజులు ఒకరికొకరు చేసుకున్న స్ట్రాస్‌బూర్ ప్రమాణాల్లో ఆ జనం భాష మనకు రాతలో కనిపిస్తుంది, అదే ఫ్రెంచ్‌కి తొలి రూపం.

అందుకే ఒకే లాటిన్ మాట ఒకే భాషలో రెండు వేషాల్లో ఉంటుంది. నోటి ద్వారా వచ్చింది అరిగిపోయి ఉంటుంది. పుస్తకం ద్వారా వచ్చింది చెక్కుచెదరకుండా ఉంటుంది. మన తెలుగులో ప్రకృతి, వికృతి అని చిన్నప్పుడు చదువుకున్నాం కదా, ‘రాత్రి’, ‘రాతిరి’ అని, ఆ తేడాయే.

దీన్ని ఎలా పట్టుకోవాలి? మగిస్త్రుమ్ విషయంలో గకారాన్ని చూడండి. సీజర్ కాలంలో లాటిన్ ‘గి’, ‘గె’ గట్టిగానే, మన గకారంలాగే పలికేవి. తర్వాతి శతాబ్దాల్లో జనం నోట్లో ఇ, ఎ అచ్చుల ముందు గకారం మెత్తబడి యకారంలా అయింది, రెండు అచ్చుల మధ్య చాలాచోట్ల పూర్తిగా మాయమైంది. ఇది ఒక్క మాటకే జరిగింది అనుకుంటే నమ్మకూడదు. అదే మార్పు మరో నాలుగు మాటల్లో కనిపించాలి. చూడండి. బాణానికి లాటిన్ ‘సగిత్త’, ఇటాలియన్ ‘సాఎత్త’. వేలికి ‘దిగితుమ్’, ఇటాలియన్ ‘దీతో’, స్పానిష్ ‘దేదో’. ఇరవైకి ‘వీగింతీ’, ఇటాలియన్ ‘వెంతి’. ‘ఎక్కువ’ అనడానికి ‘మగిస్’, స్పానిష్ ‘మాస్’. అన్నిట్లోనూ గకారం పోయింది. కాబట్టి మగిస్త్రుమ్ నుంచి మాఎస్త్రో రావడం అనుకోకుండా కుదిరిన పోలిక కాదు, ఆ భాష నడిచిన నియమం.

ఇకారం ఎకారమైన సంగతి కూడా చూసుకోండి. లాటిన్‌లో ఒత్తి పలికే హ్రస్వ ఇకారం ఈ భాషల్లో ఎకారమవుతుంది. మగిస్త్రుమ్‌లో ఒత్తు, అంటే నొక్కి పలకడం, ‘గిస్’ మీద పడుతుంది, అందుకే మాఎస్త్రోలో ‘ఎస్’ మీద పడుతుంది. ఒత్తు పడిన చోటు సాధారణంగా కదలదు. అచ్చులు మారినా, హల్లులు పోయినా ఒత్తు మాత్రం అక్కడే ఉండిపోతుంది. ఇది ఎంత గట్టి ఆధారమో పని చేస్తూ పోతే మీకే తెలుస్తుంది.

ఇప్పుడు అదే స్పానిష్‌లో న్యాయమూర్తిని ‘మహిస్త్రాదో’ అంటారు. రాతలో గకారం అలాగే ఉంది. పలుకులో అది గొంతు లోంచి వచ్చే హకారమైంది గానీ మాయం కాలేదు. అంటే ఇది జనం నోటి మాట కాదు, న్యాయశాస్త్రం రాతలోంచి తర్వాత తీసుకున్నది. ఇంగ్లీషులోనూ అంతే. ‘మాస్టర్’లో గకారం లేదు, ‘మేజిస్ట్రేట్’లో అది జకారంగా ఉంది. పరీక్ష సులువు: గకారం ఏదో ఒక రూపంలో మిగిలి ఉంటే పుస్తకం మాట, పూర్తిగా పోయి ఉంటే నోటి మాట. నోటి మాటలకు ఎరుపు, పుస్తకం మాటలకు నీలం రంగు వేయండి. మూడో రంగు పక్క భాష నుంచి ఎరువు తెచ్చుకున్న వాటికి. దాని అవసరం ఇప్పుడే వస్తుంది.

5. మాట ఎప్పుడు దాటిందో కాలం కట్టండి

ఫ్రెంచ్ ఇందుకు బంగారు గని. పాత ఫ్రెంచ్‌లో ఈ మాట ‘మైస్త్ర’. మధ్య యుగాల్లో ఫ్రెంచ్‌వాళ్లు హల్లు ముందున్న సకారాన్ని పలకడం మానేశారు. రాతలో మాత్రం చాలాకాలం ఉంచారు. 1740లో ఫ్రెంచ్ అకాడమీ తన నిఘంటువు మూడో ముద్రణలో అలాంటి సకారాలను తీసేసి, అచ్చు మీద చిన్న గొడుగు గుర్తు పెట్టింది. ఇప్పటి ‘మెత్ర్’ను రాసేటప్పుడు (maître) ఇకారం మీద కనిపించే గొడుగు ఆ పోయిన సకారానిదే. అడవికి, ఆసుపత్రికి, పండగకి ఉన్న ఫ్రెంచ్ మాటల్లోనూ ఇదే గొడుగు. వాటి ఇంగ్లీషు జంటలు ఫారెస్ట్, హాస్పిటల్, ఫీస్ట్ చూడండి, మూడింట్లోనూ సకారం భద్రంగా ఉంది. ఫ్రెంచ్ నోట్లో సకారం ఇంకా పలుకుతున్న రోజుల్లో ఇంగ్లీషు వాటిని తెచ్చుకుందన్నమాట. 1066లో ఫ్రెంచ్ మాట్లాడే నార్మన్‌లు ఇంగ్లండ్‌ను గెలిచాక మొదలైన వరద అది.

ఇంగ్లీషు మాస్టర్ కథ ఇంకాస్త పాతది. నార్మన్‌లు రాకముందే, 9వ శతాబ్దపు పాత ఇంగ్లీషులో ఈ మాట లాటిన్ నుంచి నేరుగా వచ్చి ఉంది, చర్చి చదువుల ద్వారా. నార్మన్ ‘మైస్త్ర’ వచ్చి దానితో కలిసిపోయింది. అదే మాట పేరుకు ముందు గౌరవంగా తగిలించి తగిలించి, ఒత్తు పోయి, 16వ శతాబ్దంలో ‘మిస్టర్’ అయింది. పాత ఫ్రెంచ్ స్త్రీలింగ రూపం నుంచి మిస్ట్రెస్, దాని కుదింపులే మిసెస్, మిస్. 1600 ప్రాంతంలో జర్మన్, డచ్ వృత్తి సంఘాల మాటను చూసి ‘మాస్టర్‌పీస్’ అనే మాటను కట్టుకున్నారు. ఇటాలియన్ సంగీతంతో ‘మాస్ట్రో’ వచ్చింది. దక్షిణ ఫ్రాన్సు గాలి పేరు ‘మిస్ట్రల్’ కూడా చేరింది. ఇంగ్లీషు గుమ్మాలు మీ చార్టు మీద ఆరేడు తేలతాయి.

మిస్ట్రల్ గురించి ఒక్క మాట. రోన్ నది లోయ వెంట ఉత్తరం నుంచి సముద్రం వైపు విసిరే ఆ చలిగాలిని అక్కడి ప్రొవాన్సాల్ భాషలో ‘గాలులకు పెద్ద’ అన్న అర్థంలో పిలిచారు. ఇటాలియన్ నావికుల దిక్సూచిలో వాయవ్య దిక్కు పేరే మాఎస్త్రో. ఆడ్రియాటిక్ సముద్రం అవతల క్రొయేషియాలో ‘మాఎస్త్రాల్’ అంటే వేసవి మధ్యాహ్నం హాయిగా వీచే సముద్రపు గాలి. ఒకే మాట ఒక తీరంలో చెట్లను వంచుతుంది, మరో తీరంలో ఉక్కపోత తీరుస్తుంది. ఇలాంటివి కనిపించినప్పుడు చార్టు అంచున రాసి పెట్టుకోండి, చివర్లో అర్థాల దారి గీసేటప్పుడు పనికొస్తాయి.

6. పక్క భాషల్లోకి దాటిన చోట, ఎవరి చేతుల మీదుగా అని అడగండి

లాటిన్ బిడ్డలు కాని భాషల్లోకి ఈ మాట వెళ్లిందంటే ఎవరో మోసుకెళ్లి ఉండాలి. జర్మన్‌లోకి మఠాల ద్వారా వచ్చింది, 9వ శతాబ్దం నాటికే పాత జర్మన్‌లో ఉంది. అక్కణ్నుంచి ఉత్తరానికీ తూర్పుకీ తీసుకెళ్లింది మాత్రం చేతిపనివాళ్లూ వర్తకులూ. 1201లో మొదలైన రీగా లాంటి బాల్టిక్ పట్టణాల్లో జర్మన్ మాట్లాడే కమ్మర్లు, కంసాలులు, చెప్పులు కుట్టేవాళ్లు వృత్తి సంఘాలు పెట్టుకున్నారు. లాట్వియన్ మైస్తర్స్, ఎస్తోనియన్ మైస్తెర్ ఆ దారిలో వచ్చినవే. ఫిన్నిష్ మెస్తరి స్వీడిష్ మీదుగా వచ్చింది, ఎందుకంటే ఫిన్లాండ్ శతాబ్దాల పాటు స్వీడన్ ఏలుబడిలో ఉంది. బాణం గీసినప్పుడల్లా ఇలాంటి కారణం ఒకటి పక్కన రాయలేకపోతే ఆ బాణాన్ని పెన్సిల్‌తో చుక్కల గీతగానే ఉంచండి.

ఇప్పుడు రొమేనియన్. ఈ మొత్తం వెతుకులాటలో నాకు బాగా ఇష్టమైన చోటు ఇది.

రొమేనియన్ స్వయానా లాటిన్ బిడ్డ. కాబట్టి మగిస్త్రుమ్ నేరుగా రావాలి, వచ్చింది కూడా, ‘మయెస్త్రు’గా. గకారం పోయి ఉంది, నోటి మాటే. కానీ అది ఇప్పుడు నేర్పు గల, అద్భుతమైన అనే అర్థంలో మిగిలింది. జానపద కథల్లో మాయాపక్షిని ‘పసరె మయాస్త్ర’ అంటారు. శిల్పి బ్రంకూషి చెక్కిన పక్షి శిల్పాలకు పేరు అక్కణ్నుంచే వచ్చింది. మరి పని చేసే మేస్త్రీని ఏమంటారు? ‘మెష్తెర్’. ఇది లాటిన్ నుంచి నేరుగా రాలేదు. షకారాన్ని చూడండి, అదే సాక్ష్యం. లాటిన్ సకారం ఈ చోట రొమేనియన్‌లో షకారం కాదు, మయెస్త్రులో సకారమే ఉంది కదా. హంగేరియన్‌లో మాత్రం సకారంగా రాసే అక్షరాన్ని షకారంగా పలుకుతారు, వాళ్ల మాట ‘మెష్టెర్’. ఇప్పటి రొమేనియాలో ఉన్న ట్రాన్సిల్వేనియాలో శతాబ్దాల పాటు రొమేనియన్లు, హంగేరియన్లు పక్కపక్కనే బతికారు. మాట ఆ గుమ్మం గుండా వచ్చింది.

ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌ని ‘మయిస్త్రు’ అంటారు, అది జర్మన్ మైస్టర్ నుంచి. సంగీతం, చదరంగంలో ఘనుణ్ని ‘మాఎస్త్రు’ అంటారు, అది ఇటాలియన్ నుంచి. చదువులకు సంబంధించిన ‘మాజిస్త్రు’ పుస్తకాల లాటిన్ నుంచి. ఒక్క భాషలోకి ఒక్క మాట ఐదు గుమ్మాల గుండా వచ్చింది! ప్రతి గుమ్మం దగ్గరా ఆ దేశ చరిత్రలో ఒక్కో అధ్యాయం నిలబడి ఉంది. ఆర్జెష్ మఠాన్ని కట్టిన మేస్త్రీ మనోలే కథ అక్కడ పిల్లలకు కూడా తెలుసు. పగలు కట్టిన గోడ రాత్రికి కూలిపోతుంటే, చివరికి తన భార్యనే గోడలో పెట్టి కట్టాల్సి వచ్చిన పనివాడి జానపద గాథ అది. ఆ కథలో అతని పేరు ముందున్న మాట మెష్తెర్, హంగేరియన్ గుమ్మం లోంచి వచ్చినదే. లాటిన్ బిడ్డ అయిన భాష తన అత్యంత ప్రియమైన మేస్త్రీని పొరుగింటి మాటతో పిలుచుకుంటోంది.

7. అర్థం ఎలా మారిందో గీయండి

రూపాల పటం అయ్యాక రెండో కాగితం మీద అర్థాల పటం వేయండి. రోమ్‌లో ‘మగిస్తెర్ ఎక్విటుమ్’ అంటే నియంతకు కుడిభుజంగా ఉండే అశ్వదళాధిపతి. ‘లూదీ మగిస్తెర్’ అంటే బడిపంతులు. ఓడను నడిపేవాడు ‘మగిస్తెర్ నావిస్’. అంటే అప్పటికే మూడు కొమ్మలున్నాయి: అధికారం, చదువు, చేతిపని.

మధ్య యుగాల్లో చదువు కొమ్మ పారిస్‌లో బలపడింది. 1215లో పోప్ ప్రతినిధి రాబర్ ద కూర్సోఁ పారిస్ ఉపాధ్యాయులకు పెట్టిన నియమాల ప్రకారం అక్కడ ఆర్ట్స్ బోధించాలంటే కనీసం ఆరేళ్లు చదివి ఉండాలి, వయసు ఇరవై ఒకటి దాటాలి. మన పిల్లలు అమెరికా వెళ్లి చేసే మాస్టర్స్ డిగ్రీ పేరు అలా బోధించే అర్హత నుంచి వచ్చిందే.

చేతిపని కొమ్మ జర్మన్ దేశాల్లో బతికి ఉంది, ఇప్పటికీ చట్టంలో ఉంది. అక్కడ కొన్ని వృత్తుల్లో మైస్టర్ పరీక్ష పాసైతే గానీ సొంతంగా షాపు పెట్టుకోవడానికి లేదు. 2004లో 53 వృత్తులకు ఆ నిబంధన ఎత్తేశారు, 2020లో వాటిలో 12 వృత్తులకు మళ్లీ పెట్టారు. ఫ్రాన్స్‌లో లాయర్‌ని, నోటరీని ‘మెత్ర్’ అని పిలుస్తారు. స్పెయిన్‌లో మాఎస్త్రో అంటే ప్రాథమిక బడి టీచర్. ఇటలీలో చేతిపనివాడి పేరు ముందు కుదించి ‘మాస్త్రో’ అంటారు. ఇటలీలో ఇంటి బరువు మోసే గోడ ‘మూరో మాఎస్త్రో’, స్పెయిన్‌లో అన్ని తలుపులూ తెరిచే తాళంచెవి ‘యావె మాఎస్త్ర’.

8. మన దాకా వచ్చిన దారి

తెలుగు చదివేవాళ్లుగా మనకు ఇక్కడ ఒక అదనపు మెట్టు ఉంది. మేస్త్రీ, మాస్టారు రెండూ ఇంగ్లీషు నుంచే వచ్చాయని చాలామంది అనుకుంటారు. రెండో మెట్టులో గుర్తుపెట్టుకోమన్న ‘స్త్ర’ను ఇప్పుడు బయటికి తీయండి. ఇంగ్లీషు మాస్టర్, డచ్ మేస్తర్ రెండూ ‘ర్’తో ముగుస్తాయి, త-ర మధ్య అచ్చు ఉంది. వాటి నుంచి మనకు మాస్టరు, మాస్టారు లాంటి రూపాలే వస్తాయి. మేస్త్రీలో మాత్రం త, ర అతుక్కుని ఉన్నాయి, చివర అచ్చు ఉంది, మొదట్లో ఏకారం ఉంది. మన తీరాలకు వచ్చినవాళ్ల భాషల్లో ఈ మూడూ ఒకేచోట దొరికేది పోర్చుగీసు ‘మెస్త్రె’లోనే.

మనుషుల సాక్ష్యమూ కుదురుతుంది. వాస్కో డ గామా 1498లో కాలికట్ చేరాడు, 1510లో పోర్చుగీసువాళ్లు గోవాను పట్టుకున్నారు. కోటలు కట్టడానికి, ఓడలు బాగుచేయడానికి వడ్రంగులు, తాపీవాళ్లు కావాలి, వాళ్ల మీద ఒక మెస్త్రె ఉండాలి. ఈ మాట తెలుగులోనే కాదు, తమిళంలో మేస్తిరి, మరాఠీలో మేస్త్రీ, హిందీ, బెంగాలీల్లో మిస్త్రీగా దేశమంతా పాకింది. మన దేశంలో ఇంగ్లీషువాళ్లు వాడిన మాటలను పోగుచేసి 1886లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్ పదకోశం కూడా దీన్ని పోర్చుగీసు మెస్త్రెకే కట్టింది. మచిలీపట్నంలో డచ్చివాళ్లు 1605 నుంచి ఉన్నారు కాబట్టి వాళ్ల మేస్తర్ కావచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. ధ్వని ఒప్పుకోదు, పైగా డచ్చివాళ్ల ప్రభావం పెద్దగా లేని ప్రాంతాల్లోనూ ఇదే రూపం ఉంది.

ఈ మాట ప్రయాణం ఇక్కడా ఆగలేదు. బ్రిటిష్ కాలంలో విశాఖ, గోదావరి జిల్లాల నుంచి వేలమంది తెలుగు కూలీలు బర్మాకు, రంగూన్ బియ్యం మిల్లులకు, రేవు పనులకు వెళ్లారు. అడ్వాన్సు ఇచ్చి వాళ్లను తీసుకెళ్లినవాడు మేస్త్రీ. ఆ పద్ధతికి చరిత్రకారులు పెట్టిన పేరే మేస్త్రీ విధానం. అడ్వాన్సు అప్పుగా మారి ఎన్ని కుటుంబాలను కట్టేసిందో తలుచుకుంటే, బళ్లో ప్రేమగా పిలిచే మాస్టారు, అప్పుల చిట్టా పట్టుకున్న ఆ మేస్త్రీ ఒకే కడుపున పుట్టారంటే మనసు ఒప్పుకోదు. పటం మీద మాత్రం ఇద్దరి గీతలూ ఒకే చోట కలుస్తాయి.

తెలుగు గుమ్మాలు ఇలా రాసుకోండి: పోర్చుగీసు గుమ్మం నుంచి మేస్త్రీ. ఇంగ్లీషు బడి, రైల్వే, పోస్టాఫీసు గుమ్మం నుంచి మాస్టారు, స్టేషన్ మాస్టరు, పోస్ట్‌మాస్టరు, ఆ తర్వాత మనమే పెంచుకున్న టీ మాస్టర్, డాన్స్ మాస్టర్, ఫైట్ మాస్టర్. ఇంగ్లీషు కోర్టు గుమ్మం నుంచి మేజిస్ట్రేటు, ఇది నీలం రంగు. మర్యాద గుమ్మం నుంచి మిస్టర్. ఇటాలియన్ సంగీతం నుంచి ఇంగ్లీషు మీదుగా, ఇళయరాజా పేరు ముందు స్థిరపడిన మాస్ట్రో.

9. దొంగ చుట్టాలను ఏరేయండి

చార్టు నిండాక చివరి పని ఇది. చూడ్డానికి దగ్గరగా ఉన్నవన్నీ చుట్టాలు కావు. లండన్‌లోని వెస్ట్‌మిన్‌స్టర్‌లో ఉన్న ‘మిన్‌స్టర్’ మఠం అనే అర్థమున్న వేరే లాటిన్ మాట నుంచి వచ్చింది. ఇటాలియన్ ‘మెస్తియేరె’, ఫ్రెంచ్ ‘మెత్యే’ అంటే వృత్తి, కాబట్టి మేస్త్రీకి చుట్టమే అనిపిస్తుంది. కానీ వాటి మూలం సేవ అనే అర్థమున్న ‘మినిస్తేరియుమ్’.

ఆ మాటకు అన్న ‘మినిస్తెర్’తో మాత్రం ఒక అందమైన సంబంధం ఉంది. ‘మగిస్’ అంటే ఎక్కువ, దాని నుంచి మగిస్తెర్, పైవాడు. ‘మినుస్’ అంటే తక్కువ, దాని నుంచి మినిస్తెర్, కిందివాడు, సేవకుడు. లాటిన్‌లో ఇవి జంటగా కట్టిన మాటలు, ఒకదాన్నుంచి ఒకటి పుట్టలేదు. అందుకే మినిస్టర్‌ని మీ చార్టు మీద పెట్టొద్దు, అంచున రాయండి.

మన ‘మహా’ కూడా మగిస్తెర్‌కి తల్లి అని కొందరు వాదిస్తారు. అది కాదు. సంస్కృతం ‘మహత్’, లాటిన్ ‘మగ్నుస్’, ‘మగిస్’ ఇవన్నీ రాతకు ముందున్న ఒకే ఇండో-యూరోపియన్ ధాతువు నుంచి విడిపోయిన అన్నదమ్ముల బిడ్డలు. ఎవరూ ఎవరి దగ్గరా ఎరువు తెచ్చుకోలేదు. ఈ తేడా చార్టు మీద ఎరువు రంగుతో కాకుండా, పైన మరో మూలం నుంచి విడిపోయిన రెండు గీతలుగా చూపించాలి.

తర్వాత ఏ మాట పట్టుకోవాలి అంటే నా సలహా అలమార. లాటిన్‌లో ‘అర్మారియుమ్’, ఆయుధాలు, పనిముట్లు పెట్టుకునే బీరువా. ఫ్రెంచ్‌లో ‘అర్మ్వార్’ అయింది. పాత పోర్చుగీసు ‘అల్మారియు’ రూపం వెతకండి, అందులో మొదటి రకారం లకారంగా ఎందుకు మారిందో చూడండి. తర్వాత అదే లకారం పాత ఫ్రెంచ్‌లోనూ ఉందో లేదో సరిచూసుకుని, మన అలమారకు బాణం ఏ తీరం నుంచి గీయాలో నిర్ణయించండి.